ఆఫీసు వేళల్లో అత్తయ్యలు లేరు

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి, అవి ఎక్కడికీ పారిపోవు. ఉయ్యాల బల్ల మీద చోటుంది, కూర్చోండి. ఊపకండి మాత్రం. గొలుసులు కిర్రుమంటే లోపల మా ఝాన్సీ రికార్డింగు పాడవుతుంది. ఆ గది గురించీ, ఈ ఉయ్యాల గురించీ, ఒక పెద్ద సర్కారు కచేరీ వచ్చి మా ఇంటి మీద పడిన వైనం గురించీ చెబుతాను. నాకు చదువు అట్టే లేదు. సంతకం మాత్రం గుండ్రంగా పెడతాను. జ్ఞాపకం అంటారా, అది అటకమీది ఇత్తడి సామానంత ఉంది నా దగ్గర. ఒక్క గిన్నె కూడా ఎవరికీ అమ్మలేదు.

ఝాన్సీ నా కోడలు. ముందు బట్టల కొట్లో చీరలు చూపించేది. పొద్దున్న వెళ్ళి నిలబడితే మళ్ళీ కూర్చునేది ఇంటికి వచ్చాకే. అప్పటికి కాళ్ళు బూరెల్లా పొంగి ఉండేవి. వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని, "దేవుడు చీరలకి అన్ని రంగులిచ్చి, చూపించేదానికి రెండే కాళ్ళిచ్చాడేంటి అత్తయ్యా?" అనేది. నేను ఏం చెప్తాను? ఇంకో చెంబు వేణ్ణీళ్ళు పోసేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు ఉల్లిపాయల బండి నూకరాజుకి గొంతు పోయింది. అరిచి అరిచి పోయిందన్నమాట. పాపం, వీధిలో బండి ఆపి సైగలతో ఉల్లిపాయలు అమ్ముతున్నాడు. వాడు చెయ్యి ఊపితే జనం కూడా చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నారు. ఝాన్సీకి జాలేసి, వాడి ఫోను తీసుకుని అందులో తన గొంతుతో ఒక కేక రికార్డు చేసి ఇచ్చింది. "అక్కా! ఓ అక్కా! ఉల్లిపాయలు వచ్చాయక్కా! కోస్తే కన్నీళ్ళు, వండితే పండగ! పరిగెత్తకక్కా, బండి ఇక్కడే ఉంది!" వాడు దానికో చిన్న స్పీకరు తగిలించుకున్నాడు. సాయంత్రానికి బండి ఖాళీ.

ఇక చూడండి. చేపల బండివాడు వచ్చాడు, ఉప్పు బండివాడు వచ్చాడు, పాత ఇనుము కొనేవాడు, మిక్సీలు బాగుచేసేవాడు, దుప్పట్ల ఆటో. ఝాన్సీ బట్టల కొట్టు మానేసి మా నడిమి గదిని ఆఫీసు చేసింది. గోడల నిండా నేను కుట్టిన పాత బొంతలు వేలాడదీసింది. తలుపుకి పరుపు కట్టింది. మధ్యలో ఒక కుర్చీ, ఒక మైకు. బయటి చప్పుడు లోపలికి రాకూడదట. లోపలి గాలి కూడా బయటికి వచ్చేది కాదు, ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టు ఉండేది. అయినా అది తన కుర్చీ, తన గది. కాళ్ళు పొంగడం మానేశాయి.

ఇంట్లో ఆఫీసు అంటే తేలికనుకుంటారు. కుక్కరు మూడో కూత కూసే సమయానికే ఉప్పు బండివాడి రికార్డింగు పడుతుంది. నాకు దగ్గు వస్తుంది. గొలుసు కిర్రుమంటుంది. ఒకసారి దుప్పట్ల ఆటో ప్రకటన మధ్యలో నా కేక పడిపోయింది. "ఒసేయ్ ఝాన్సీ, పాలు పొంగిపోతున్నాయే!" అని. ఎవరూ చూసుకోలేదు. ఆటో ఊరంతా తిరిగింది. ఏ వీధిలోకి వెళితే ఆ వీధిలో ఆడవాళ్ళంతా వంటింట్లోకి పరిగెత్తారట. దుప్పటి ఒక్కటీ అమ్ముడు కాలేదు గానీ, ఆ రోజు ఊళ్ళో ఎవరి పాలూ పొంగలేదు.

ఈ పనిలో అసలు కిటుకు గొంతులో లేదు, వరసలో ఉంది. ఏ సరుకుకి ఎవరిని ఏమని పిలవాలి అన్నది చూసుకోవాలి. ఝాన్సీ తలుపు సందులోంచి తల బయటపెట్టి అడిగేది.

"అత్తయ్యా, చేపలకి 'పిన్నీ' అనమంటారా, 'వదినా' అనమంటారా?"

"వదినా అనవే. చేపల దగ్గర బేరం ఆడాలి, ఎకసెక్కం ఆడాలి. పిన్నితో ఏం ఎకసెక్కం ఆడతావు?"

"పాత ఇనుముకో?"

"మామ్మగారూ అను. మంచం కింద పాత ఇనుము దాచుకునేది మాలాంటి వాళ్ళమే."

ఇలా సుఖంగా సాగుతుంటే చట్టం వచ్చింది.

ఎక్కడో రాజధానిలో ఒక పెద్ద అధికారి, ఇంట్లోంచి పనిచేసే ఒకావిడకి ఫోను చేశాడట. వెనకాల నుంచి ఆవిడ తల్లి కాబోలు, "నాన్నా, నీళ్ళు తోడాను, స్నానానికి లే" అని ఎవర్నో అందట. ఆ పెద్దాయన తనని అనుకుని "సరేనమ్మా" అని లేచి నిలబడ్డాడట. చుట్టూ ఉన్న గుమాస్తాలు నవ్వారట. అంతే. నెల తిరగకుండా 'గృహ కార్యాలయ శుద్ధీకరణ సంచాలనాలయం' అని ఒక కచేరీ పుట్టింది. దానికొక సంచాలకుడు, ఆయన కింద తనిఖీ అధికారులు. మా ఊరికి విశ్వపతి అనే ఆయన వచ్చాడు.

సన్నగా, మెడదాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. చేతికి గాజులా పసుపు టేపు చుట్ట ఒకటి వేసుకున్నాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వచ్చాడు. మంచి మనిషే. మంచివాళ్ళకే ఇలాంటి పనులు అప్పగిస్తారు.

"మీది ఏ ఊరు బాబూ?" అన్నాను అలవాటుగా.

"వ్యక్తిగత ప్రశ్నలు కార్యాలయ వేళలలో నిషిద్ధములు," అన్నాడు. తర్వాత కాగితం విప్పి నిలబడి చదివాడు. "గృహములందు నడుపబడు కార్యాలయముల పరిధిలో, ఉదయము తొమ్మిది మొదలు సాయంత్రము ఆరు వరకు, సమస్త బంధుత్వములు తాత్కాలికముగా నిలిపివేయబడినవి."

ఝాన్సీ నా మొహం చూసింది. నేను ఝాన్సీ మొహం చూశాను. "అంటే ఏంటండీ?" అంది.

ఆయన మాట్లాడకుండా వంగి, చావడిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలమీద పసుపు టేపు అంటించాడు. నడిమి గది, మంచినీళ్ళ బిందె, ఫ్యాను ఆఫీసు వైపు పడ్డాయి. వంటిల్లు, దేవుడి గూడు, నా మంచం ఇంటి వైపు పడ్డాయి. "టేపునకు అటు మీరు కోడలు. ఇటు యజమానురాలు. ఈ పెద్దావిడ అటు అత్తగారు, ఇటు సందర్శకురాలు. మీ భర్తగారు ఇటు వచ్చిన యెడల అపరిచితుడు," అన్నాడు.

"మరి నేను టేపు మీద నుంచుంటే?" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఆ అంశము పై అధికారుల పరిశీలనలో ఉన్నది."

అంతలో ఆయన చూపు ఉయ్యాల మీద పడింది. టేపు సరిగ్గా దాని కిందనుంచి పోయింది. నేను ఊగుతున్నాను. ఆయన తల నాతోపాటు అటూ ఇటూ తిరిగింది. "ఈమె ప్రతి ఊపునకు ఒకసారి కార్యాలయములోనికి వచ్చి పోవుచున్నారు! వచ్చినప్పుడెల్ల సంతకము చేయవలెను."

నా ఒళ్ళో ఒక పుస్తకం పెట్టి చేతికి కలం ఇచ్చాడు. ఊగుతూ గుండ్రంగా సంతకం పెట్టి చూడండి ఒకసారి. నా 'వీ' ఇంట్లో పడితే 'రాయమ్మ' ఆఫీసులో పడింది. చివరికి ఉయ్యాలని తాడుతో కిటికీ ఊచకి కట్టేశారు. నా పెళ్ళినాటి నుంచి ఆ ఉయ్యాల ఆగింది లేదు.

వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి చెప్పాడు. "ఇక్కడ బంధుత్వ లీకేజీ, అనగా కార్యాలయ వేళలో వరస పెట్టి పిలుచుట, కనబడిన యెడల సీలు వేయబడును. సీలు పడిన చోట ఎట్టి పనియు చేయరాదు. సీలు తీయు అధికారము సంచాలకులవారికి మాత్రమే, అదియు వారి కార్యాలయము నుండి మాత్రమే కలదు."

ఆయన వెళ్ళాక ఝాన్సీ తన పాదాల వైపు చూసుకుంది. నాకు అర్థమైంది. ఆ గదికి సీలు పడితే మళ్ళీ బట్టల కొట్టు, మళ్ళీ వేణ్ణీళ్ళ బకెట్టు.

అందుకని చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించాం. మొదట్లో ఝాన్సీకి హాయిగానే ఉంది, దాచుకోవడం ఎందుకు! పగలంతా అత్తగారు లేని ఇల్లు ఏ కోడలికి చేదు? "ఝాన్సీ, పులుసులో ఉప్పు వేశావా?" అంటే టేపు అవతల నుంచి, "సందర్శకురాలు గారూ, మీ విన్నపం పరిశీలనలో ఉందండి," అనేది. పరిశీలన పూర్తయ్యేసరికి పులుసు మరిగిపోయేది. నేనూ ఊరుకున్నానా? మంచినీళ్ళ బిందె వాళ్ళ వైపు ఉంటే, కాఫీపొడి మా వైపు ఉంది. "యజమానురాలు గారూ, ఈ ఇంటికీ మీకూ ఏమిటి సంబంధం? కాఫీ ఎవరిని అడుగుతున్నారు?" అన్నాను. ఆ రోజు ఆఫీసుకి కాఫీ లేదు, ఇంటికి నీళ్ళు లేవు.

నా కొడుకు కామేశం రైసుమిల్లు నుంచి అన్నానికి వచ్చేవాడు. వంటింట్లోకి వెళ్ళాలంటే ఆఫీసు వైపు నుంచే దారి. "అపరిచితులు అరుగు మీద వేచి ఉండాలండి," అనేది ఝాన్సీ.

"అపరిచితుడికి ఆకలేస్తోందే!"

"ఏ పనిమీద వచ్చారో చెప్పండి."

"వంకాయకూర పనిమీద వచ్చాను తల్లీ. తాళి కట్టిన పాపానికి వచ్చాను."

"తాళి ఆరు తర్వాత మాట్లాడుకుందామండి."

నవ్వుకున్నాం. కానీ రోజులు గడిచేకొద్దీ నాకు ఏదో వెలితిగా ఉండేది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి 'అత్తయ్యా, అత్తయ్యా' అని చెవిలో జోరీగలా తిరిగే మాట. విసుక్కునేదాన్ని కూడా. అది పగటిపూట వినబడక నా చెవులే ఖాళీ అయిపోయినట్టు ఉండేది. ఆరు కొట్టగానే ఇద్దరం ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళం. పనేమీ ఉండేది కాదు. ఊరికే పిలుచుకునేవాళ్ళం.

విశ్వపతి రెండోసారి వచ్చినప్పుడు ఝాన్సీ గదిలో రికార్డింగు చేస్తోంది. పరుపు తలుపుకి చెవి ఆనించి విన్నాడు. మొహం తెల్లబడింది. తలుపు తోసుకుని వెళ్ళాడు.

"ఈ 'అక్క' ఎవరు?"

"ఉల్లిపాయలు కొనేవాళ్ళండి."

"వారు మీ సహోదరీమణులా?"

"కాదండి. వీధిలో అందరినీ అలాగే పిలుస్తామండి."

"వీధి యావత్తూ! కార్యాలయ పరిధిలో నిలబడి, కార్యాలయ వేళలో, ఒక వీధి యావత్తుతో బంధుత్వము!" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నా ఉద్యోగ జీవితములో ఇంత పెద్ద లీకేజీ చూడలేదు."

"పోనీ వంటింట్లో నుంచుని రికార్డు చేసుకుంటానండి. అది ఇల్లే కదా."

"గృహమునందు వ్యాపారము చేయరాదు."

"ఆఫీసులో వరస పెట్టకూడదు, ఇంట్లో వ్యాపారం చేయకూడదు. మరి 'అక్కా' అని ఎక్కడ అరవమంటారండీ?"

"అరవవద్దు," అన్నాడు దయగా. "నేను వ్రాసి ఇస్తాను."

నిజంగా మంచి మనిషి. సీలు వేయకుండా, మా ఇంటి వైపున పీట మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ, అన్ని బళ్ళకీ తనే కొత్త మాటలు రాసి ఇచ్చాడు. ఝాన్సీ ఆ గదిలో కూర్చుని అవే చదివింది. మర్నాడు నూకరాజు బండి ఇలా అరిచింది.

"ఈ వీధియందు నివసించు, మాకు ఏ విధమైన బంధుత్వమూ లేని మహిళలకు తెలియజేయునది ఏమనగా, ఉల్లిపాయలు వచ్చి ఉన్నవి. కొనుట, కొనకపోవుట మీ ఇష్టాధీనము."

వీధిలో టపటపా తలుపులు మూసుకున్నాయి. చేపల బండి "జీవము లేని మత్స్యములు వచ్చి ఉన్నవి" అంటూ వెళితే, ఎవరో పోయారనుకుని జనం మౌనంగా నిలబడ్డారు. ఒకాయన టోపీ కూడా తీశాడు. పాత ఇనుము బండి "ఇనుము కలిగియున్న వృద్ధ వ్యక్తులు బయటకు రావలెను" అనేసరికి మా వీధిలో ముసలమ్మలందరం మంచాల కింద దూరాం.

వారం తిరిగేసరికి నూకరాజు మా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏవండీ ఝాన్సీగారూ! నా ఉల్లిపాయల్ని చూసి దడుచుకుంటన్నారండి, ఆయ్! పన్నులోళ్ళు వచ్చారనుకుని ఒకాయన పెరటి గోడ దూకి పారిపోయాడండి. మొన్న ఒకావిడైతే కూపన్ తెచ్చుకుని లైన్లో నుంచుందండి. ఉల్లిపాయలమ్మా అంటే, అబ్బే, ముందు నా పేరు పిలవండి అంటదండి!"

"నేనేం చెయ్యను నూకరాజూ? అక్కా అంటే గదికి సీలేస్తారు."

"మరి అనకపోతే నా బండికి సీలండి."

వాడు వెళ్ళి సొంత గొంతుతోనే అరవడం మొదలుపెట్టాడు. మళ్ళీ గొంతు పోయింది, మళ్ళీ చెయ్యి ఊపడం మొదలు. ఒక్కొక్కరే ఝాన్సీ దగ్గరికి రావడం మానేశారు. అది బొంతల మధ్య ఊరికే కూర్చునేది. ఒకరోజు ఆరు దాటాక బట్టల కొట్టు ఆసామికి ఫోను చేసి, "ఏమైనా ఖాళీ ఉందా అండీ?" అని అడుగుతుంటే విన్నాను. వేణ్ణీళ్ళ బకెట్టు పెరట్లో బోర్లించి ఉంది. దాని వంక చూడబుద్ధి కాలేదు నాకు.

సరిగ్గా అప్పుడే సంచాలనాలయం వాళ్ళకి వారోత్సవాలు వచ్చాయి. 'బంధురహిత గృహ కార్యాలయ వారోత్సవాలు' అట. మా ఊరి మైదానంలో ప్రారంభ సభ. సంచాలకులవారు స్వయంగా వస్తున్నారు. విశ్వపతి పొంగిపోతూ వచ్చి, మాది ఆదర్శ కార్యాలయమని చెప్పి, సభకి ఆటోలో తిప్పే ప్రకటన ఝాన్సీనే చేయమన్నాడు. మాటలు ఆయనే రాసి తెచ్చాడు. "మాకు ఏమీ కాని ప్రజలారా! సభకు విచ్చేయవలసినది. రానిచో ఎవరూ ఏమీ అనుకొనరు."

"ఈ చివరి మాట తీసేద్దామండీ," అంది ఝాన్సీ.

"ఎందుకు? మర్యాదగా ఉన్నది గదా!"

నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మన ఊళ్ళల్లో మనిషి గడప దాటి ఎక్కడికైనా వెళ్ళేది ఎందుకు? రాకపోతే ఏమనుకుంటారోననే కదా! ఆ ఒక్క భయమూ తీసేశాడు ఆయన.

సభ రోజున ఆటో పొద్దున్నించీ తిరిగింది. మధ్యాహ్నం దాటాక విశ్వపతి చెమటలు కక్కుకుంటూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఆ కంగారులో చెప్పులు విప్పడం కూడా మర్చిపోయాడు.

"సభ ఖాళీ! షామియానా వేసినవాడు తప్ప ఎవరూ లేరు. వాడు కూడా గుంజలు లెక్కచూసుకోవడానికి ఉన్నాడు. సంచాలకులవారు కారులోనే కూర్చుని ఉన్నారు. జనసమూహము ఏర్పడిన పిదప గాని దిగరట!"

"మీరు రాసిందే చదివానండి," అంది ఝాన్సీ.

"ఏదైనా చేయండి!"

"వరస పెట్టి పిలవకపోతే జనం రారండి."

"వరస పెట్టినచో నేను మీకు సీలు వేయవలెను!" అని ఆయన నిజంగానే ఏడుపు మొహం పెట్టాడు.

ఇద్దరూ టేపుకి చెరో పక్కా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను మంచం దిగాను.

"బాబూ, నీ టేపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకానే కదా. వీధిలో నేను ఎవరిని?"

ఆయన ఆలోచించాడు. "వీధికి ఇంకనూ టేపు మంజూరు కాలేదు."

"అయితే పద. ఆటో ఎక్కుతాను."

ఝాన్సీ గదికి తాళం వేసి వెనకాలే పరిగెత్తుకొచ్చింది. నా పక్కన ఇరుక్కుని కూర్చుని, మైకు సవరిస్తూ, "మరీ మూతికి ఆనించకండి అత్తయ్యా, గాలి కొడుతుంది," అంది. అత్తయ్యా అంది! మిట్టమధ్యాహ్నం! నేను మైకు రెండు చేతులా పట్టుకున్నాను. ఇక ఆపేవాడెవడు?

"ఓ సత్యవతొదినా! నీ కూతురు పురిటికి నీ పక్కన కూర్చున్నదాన్ని నేనే, గుర్తుందా? మైదానంలో సభ ఉంది, రాకపోతే ఇక మన మధ్య మాటల్లేవు! ఒరేయ్ సుల్తాన్ బావా! మీ నాన్న మా నాన్నని బావా బావా అని పిలిచిన వరస నేను మర్చిపోలేదు. నువ్వు మర్చిపోయావా? బయలుదేరు! మేరీ పిన్నీ! మోకాళ్ళ నొప్పులని చెప్పకు, నిన్న బజార్లో చూశాను నిన్ను! ఏరా చిన్న రాంబాబూ, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి పాలు లేకపోతే మా గేదె పాలు తాగి పెరిగావు. ఆ గేదె మీద గౌరవంతోనైనా రారా!"

వీధి తర్వాత వీధి, ఇల్లు తర్వాత ఇల్లు. ఒక్క గుమ్మం మర్చిపోలేదు. ఆటో మైదానానికి తిరిగి వచ్చేసరికి వెనకాల ఊరంతా ఉంది. పట్టుచీరలు కట్టారు, పిల్లలకి తలలు దువ్వారు. అంత గట్టిగా పిలిచారంటే ఏదో శుభకార్యమే అనుకున్నారు మరి. కొందరు అక్షింతలు కలుపుకుని తెచ్చారు. సుల్తాన్ బావ అత్తరు పూసుకొచ్చాడు. మా నూకరాజు గొంతు లేకుండానే అందరికీ చెయ్యి ఊపి కుర్చీలు చూపిస్తున్నాడు. ఈసారి ఎవరూ తిరిగి చెయ్యి ఊపి వెళ్ళిపోలేదు.

సంచాలకులవారు కారు దిగారు. పచ్చటి మనిషి, ఉంగరాల జుట్టు. జనాన్ని చూసి ఉబ్బిపోయి వేదికెక్కి మైకు పట్టుకున్నారు. "ప్రజలారా! నేను ఆసీనుడనైన చోటే నా కార్యాలయము! ఈ క్షణము నుండి ఈ వేదిక సంచాలకుని కార్యాలయముగా పరిగణించబడును. ఇచట ఎవరికి ఎవరూ ఏమీ కారు!"

జనం చప్పట్లు కొట్టారు. ఏమన్నాడో ఎవరికీ పట్టలేదు. భోజనాలు ఎటువైపు అని చూసుకుంటున్నారు.

నేను మాత్రం ఆయన గడ్డం వంకే చూస్తున్నాను. ఆ గడ్డం కింద ఒక గాటు ఉంది, చంద్రవంకలా. ఆ గాటు నాకు తెలుసు. ఇంకాస్త దగ్గరికి వెళ్ళాను. ఇంకాస్త. వేదిక మెట్లెక్కాను.

"సందర్శకురాలు గారూ!" అని విశ్వపతి వెనకాల గొణుగుతున్నాడు.

"ఒరేయ్, నువ్వు శేషువి కదూ? మా వెనక వీధి వరాలు కొడుకువి కదూ?" అన్నాను. "నన్ను వదినా వదినా అంటూ చంకన నిన్నేసుకుని మా ఇంటికొచ్చేది మీ అమ్మ. మీ నాన్నకి బదిలీ అయి వెళ్ళేదాకా మా చావడిలోనే పెరిగావు. ఆ గడ్డం మీది గాటు మా ఉయ్యాల బల్ల కొట్టిందే! ఎంత ఏడ్చావురా నాయనా! బెల్లం ముక్క నోట్లో పెడితే గానీ ఊరుకున్నావు కాదు."

ఆయన చెయ్యి తనంతట తానే గడ్డం మీదికి వెళ్ళింది. కళ్ళు పెద్దవయ్యాయి. చేతిలో మైకు ఉందన్న సంగతి మర్చిపోయాడు.

"వీరాయమ్మత్తా!"

గుంజ గుంజకీ కట్టిన స్పీకర్లలోంచి ఊరంతా మోగింది. కాలువ అవతల కూడా వినబడిందట. "బతికే ఉన్నావా అత్తా! ఆ ఉయ్యాల ఉందా ఇంకా?"

"ఉందిరా. నువ్వే తాడు వేసి కట్టించావు."

జనం ఘొల్లుమన్నారు. నవ్వనివాడు ఒక్క విశ్వపతే. ఆయన నెమ్మదిగా వేదిక దగ్గరికి వచ్చాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఆరు కాలేదు. చేతికున్న పసుపు టేపు చుట్ట విప్పాడు.

"విశ్వపతీ, ఏం చేస్తున్నావు?"

"లీకేజీ అండి," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి పాపం.

"అది... నోరు జారిందయ్యా!"

"లీకేజీ అనగా అదేనని తమరే వ్రాశారండి."

వేదిక చుట్టూ టేపు చుట్టేశాడు. మైకుకి లక్క సీలు వేశాడు. సంచాలకులవారు గావుకేక పెట్టారు. "సీలు తియ్యి!"

"తీయు అధికారము తమకు మాత్రమే గలదండి. అదియు తమ కార్యాలయము నుండి మాత్రమే."

"ఇదే కదయ్యా నా కార్యాలయం! ఇప్పుడే కదా ప్రకటించాను!"

"ఇది సీలు పడినది గదండి. సీలు పడిన చోట ఎట్టి పనియు చేయరాదు."

"అయితే లేచి నా గదికి వెళ్ళి తీస్తాను!"

"తమరు ఆసీనులైన చోటే తమ కార్యాలయమని తమరే సెలవిచ్చారండి. తమరు అక్కడ కూర్చున్నను అది ఇదే కార్యాలయము. ఇదే సీలు."

శేషు నా వంక చూశాడు. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు కొంగున కట్టుకున్న బెల్లం ముక్క ఉంటే, టేపు మీదుగా చేయి చాపి వాడి నోట్లో పెట్టాను. ఇంకేం చేస్తాం?

ఆ వారోత్సవాలకి తెప్పించిన పులిహోర పొట్లాలు జనం కూర్చుని శుభ్రంగా తిన్నారు. అక్షింతలు తెచ్చినవాళ్ళు వృథా పోనీయడం ఎందుకని శేషు మీదే వేసి వెళ్ళారు.

ఆ సీలు ఈరోజుకీ తీయలేదు. తీయడానికి దారి లేదని పెద్ద పెద్ద వకీళ్ళే చెప్పారట. సంచాలకుడికే కార్యాలయం లేకపోయాక, ఇతరుల గదులకి సీలు వేసే కాగితం మీద సంతకం పెట్టే దిక్కు లేదు. మా నడిమి గది బొంతలతో, ఇడ్లీపాత్ర వేడితో, అలాగే నడుస్తోంది. చేపలకి వదినా, ఉల్లిపాయలకి అక్కా. నూకరాజు బండి మళ్ళీ ఖాళీ అవుతోంది. బట్టల కొట్టు ఆసామి ఫోను చేస్తే ఝాన్సీ, "చీరల తగ్గింపు ధరలకి ప్రకటన కావాలా అండీ?" అని అడిగింది. ఉయ్యాల తాడు విప్పేశాం. పసుపు టేపు పెరట్లో బీరపాదుకి కట్టాను, బాగా అల్లుకుంది.

శేషు సంగతి అడగరేం? పాపం, సంతకం చెల్లని ఆఫీసు ఒకటి వాడు ఇప్పుడు ఇంటినుంచే నడుపుతున్నాడు. మొన్న నాకు ఫోను చేశాడు. వెనకాల కుక్కరు కూత, ఎవరో పాలవాడితో పోట్లాట.

"అత్తా, ఒక్కసారి ఝాన్సీకి ఇస్తావా? ఆ గోడలకి బొంతలు ఎలా కట్టారో కనుక్కోవాలి. మా అత్తగారు లోపలినుంచి మాట్లాడితే ఢిల్లీ దాకా వినబడుతోంది."

పగలు పదకొండు గంటలు. నేను ఏదో చెప్పబోయేలోపు, ఫోనులో, వాడి వెనకాలనుంచి, నాకు బాగా తెలిసిన ఒక మెత్తటి గొంతు వినబడింది.

"అయ్యా... లీకేజీ."

ఝాన్సీ మర్నాడే నేను కుట్టిన మంచి బొంతలు రెండు వాడికి పంపించింది.

ఇదీ జరిగింది. గుర్తు పెట్టుకోండి. ఇంటికెళ్ళి మీ వాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి. పేర్లు మర్చిపోయినా ఫరవాలేదు, పసుపు టేపుకి ఎర్రటి టేపు అని చెప్పినా ఏమీ కాదు. ఆ ఒక్క కేక మాత్రం, 'వీరాయమ్మత్తా!' అన్నది, స్పీకర్లలో మోగినంత గట్టిగా అరిచి చెప్పండి. ఆరింటి లోపే అరవండి. ఆరు దాటాక అరిస్తే అందులో ఏముంది?